గుండె ఆట ఆపేసింది.. చూపు మాత్రం ఆగలేదు! గోలీ హెన్రిక్ లుండ్‌క్విస్ట్ స్టూడియో దాకా ఎలా వచ్చాడంటే..

న్యూయార్క్ రేంజర్స్ గోల్‌పోస్ట్‌కు 15 సీజన్లు కాపలా కాశాడు. 459 మ్యాచ్‌లు గెలిపించాడు. 38 ఏళ్ల వయసులో కొత్త జట్టుతో సంతకం చేసిన పది వారాలకే గుండె సమస్య అతడిని మంచు మైదానం నుంచి బయటకు పంపేసింది. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారంతా. కానీ ఏడాది తిరగకుండానే రేంజర్స్ మ్యాచ్‌లను టీవీలో విశ్లేషిస్తూ కనిపించాడు. స్వీడన్‌కు చెందిన ఐస్ హాకీ గోల్‌కీపర్ హెన్రిక్ లుండ్‌క్విస్ట్ ప్రయాణం ఇది. అసలు గోలీలు టీవీలో ఎందుకు రాణిస్తారు? లుండ్‌క్విస్ట్ విషయంలో ఏం జరిగింది? ఓసారి చూద్దాం..

గోలీ పని ఎంత కష్టం?

ఐస్ హాకీలో ఒక్కో జట్టు నుంచి ఆరుగురు బరిలో ఉంటారు. వారిలో ఒకరు గోలీ. బంతికి బదులు గట్టి రబ్బరుతో చేసిన పక్ ఉంటుంది. దాని వెడల్పు 3 అంగుళాలు, బరువు సుమారు 170 గ్రాములు. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. బలంగా కొడితే పక్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తుంది. పది మీటర్ల దూరం నుంచి కొట్టారనుకుంటే, అది గోల్‌లో పడటానికి పావు సెకను కూడా పట్టదు.

అంటే పక్ బయలుదేరాక చూసి ఆపుదామంటే కుదరదు. కొట్టేవాడి భుజం ఎటు తిరిగింది, కర్ర ఎలా వంగింది, పాస్ ఎవరికి వెళ్లబోతోంది.. ఇవన్నీ ముందే పసిగట్టాలి. పైగా ఎదురుగా నాలుగైదు శరీరాలు అడ్డంగా ఉంటాయి. ఆ సందుల్లోంచే చూడాలి. అందుకే గోలీకి ప్యాడ్లు, గ్లవ్ ఎంత ముఖ్యమో, కళ్లు అంతకంటే ముఖ్యం.

204 మంది తర్వాత పిలుపు

లుండ్‌క్విస్ట్ 1982 మార్చి 2న స్వీడన్‌లో మంచు కొండల మధ్య ఉండే ఓరె అనే ఊళ్లో పుట్టాడు. కవల సోదరుడు యోయెల్ కూడా హాకీ ఆటగాడే. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్ ప్రపంచంలోనే అతిపెద్ద ఐస్ హాకీ లీగ్. కొత్త కుర్రాళ్లను జట్లు ఏటా డ్రాఫ్ట్ పద్ధతిలో ఎంచుకుంటాయి. 2000లో జరిగిన డ్రాఫ్ట్‌లో యోయెల్‌ను మూడో రౌండ్‌లోనే డల్లాస్ జట్టు తీసుకుంది. హెన్రిక్ పేరు మాత్రం ఎంతకీ రాలేదు. చివరికి ఏడో రౌండ్‌లో, 205వ ఆటగాడిగా రేంజర్స్ పిలిచింది.

అంత వెనకాల పిలుపు వచ్చిన వాళ్లలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్ ముఖం కూడా చూడరు. అతడు వెంటనే అమెరికా విమానం ఎక్కలేదు. స్వీడన్‌లోని ఫ్రోలుండా క్లబ్‌కు ఆడుతూ 2003, 2005లో దేశవాళీ టైటిళ్లు గెలిచాడు. ఆ తర్వాతే న్యూయార్క్ చేరాడు.

2005-06 సీజన్ మొదలైనప్పుడు అతడు రెండో గోలీ మాత్రమే. మొదటి గోలీ కెవిన్ వీక్స్. వీక్స్ గాయపడటంతో అవకాశం వచ్చింది. అంతే.. ఆ చోటు మళ్లీ ఎవరికీ దక్కలేదు. అదే సీజన్ మధ్యలో జరిగిన టురిన్ వింటర్ ఒలింపిక్స్‌లో స్వీడన్ ఫైనల్ చేరింది. ఫిన్లాండ్‌పై 3-2 ఆధిక్యంలో ఉండగా, చివరి క్షణాల్లో ఓలీ యోకినెన్ కొట్టిన షాట్‌ను లుండ్‌క్విస్ట్ ఆపేశాడు. స్వర్ణం స్వీడన్ సొంతమైంది.

అన్నీ గెలిచాడు.. ఆ ఒక్కటి తప్ప

చాలామంది గోలీలు షాటర్ మీదకు ముందుకొచ్చి గోల్ కనబడకుండా చేస్తారు. లుండ్‌క్విస్ట్ రూటే సెపరేటు. గోల్ లైన్‌కు దగ్గరగా, బాగా వెనక నిలబడేవాడు. దీనివల్ల గోల్‌లో ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. కానీ పక్‌ను చూడటానికి రెప్పపాటు సమయం ఎక్కువ దొరుకుతుంది. తన చూపు మీద, కాళ్ల వేగం మీద అంత నమ్మకం ఉంటేనే ఈ పద్ధతి పనికొస్తుంది.

ఆ నమ్మకం వమ్ము కాలేదు. మొదటి ఏడు సీజన్లలోనూ ప్రతిసారీ 30కి తగ్గకుండా విజయాలు సాధించాడు. 2012లో లీగ్‌లో ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ అందుకున్నాడు. ఏడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్ 3-3తో సమమైతే ఏడో మ్యాచ్ చావోరేవో అన్నమాట. అలాంటి మ్యాచ్‌లు వరుసగా ఆరు గెలిచాడు. న్యూయార్క్ అభిమానులు ‘కింగ్ హెన్రిక్’ అని పిలుచుకున్నారు.

స్టాన్లీ కప్ మాత్రం అందలేదు. 2014లో రేంజర్స్ ఫైనల్ చేరి లాస్ ఏంజెలెస్ కింగ్స్ చేతిలో 4-1తో ఓడింది. స్కోరు చూస్తే చిత్తుగా ఓడారనిపిస్తుంది. కానీ ఆ నాలుగు ఓటముల్లో మూడు ఓవర్‌టైమ్‌లో వచ్చినవే. చివరి మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్ దాకా సాగింది. లుండ్‌క్విస్ట్ 48 షాట్లు ఆపాడు. చివరి షాట్ కాస్తా దాటిపోయింది. కప్ దగ్గరికి అతడు వెళ్లగలిగింది అంతవరకే.

అసలేం జరిగింది?

2020 సెప్టెంబర్ 30న రేంజర్స్ అతడి మిగిలిన కాంట్రాక్ట్‌ను డబ్బు చెల్లించి రద్దు చేసుకుంది. జట్టుకు కుర్ర గోలీలు దొరికారు. ఇంకా ఆడగలనన్న పట్టుదలతో అక్టోబర్ 9న వాషింగ్టన్ క్యాపిటల్స్‌తో ఏడాది ఒప్పందం చేసుకున్నాడు. కప్ కోసం అది చివరి ప్రయత్నం.

కానీ డిసెంబర్ 17న సోషల్ మీడియాలో పెట్టిన ప్రకటనతో అభిమానులకు షాకిచ్చాడు. గుండె సమస్య కారణంగా ఆ సీజన్ ఆడటం లేదని చెప్పాడు. 2021 జనవరి 5న సుమారు ఐదు గంటల పాటు ఓపెన్ హార్ట్ సర్జరీ జరిగింది.

ఇంతకీ ఆ సర్జరీలో ఏం మార్చారు? గుండె నుంచి ఒంటికంతటికీ రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటారు. అది మొదలయ్యే చోట ఒక వాల్వ్ ఉంటుంది. రక్తం ముందుకే వెళ్లాలి, వెనక్కి రాకూడదు. దాన్ని చూసుకునేది ఆ వాల్వే. లుండ్‌క్విస్ట్‌కు ఆ వాల్వ్‌తో పాటు బృహద్ధమని మొదలు భాగాన్ని, అక్కడి నుంచి పైకి వెళ్లే భాగాన్ని కూడా మార్చాల్సి వచ్చింది. మామూలు మనిషికే పెద్ద ఆపరేషన్ అది. 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే పక్‌ను ఛాతీతో ఆపాల్సిన వాడి సంగతి చెప్పక్కర్లేదు.

అయినా వదల్లేదు. వారాల్లోనే స్కేట్లు కట్టుకుని ప్రాక్టీస్ మొదలుపెట్టాడు. క్యాపిటల్స్ తరఫున ఆ సీజన్‌లోనే బరిలోకి దిగుతాడేమోనన్న ఆశలు చిగురించాయి. అంతలో ఏప్రిల్‌లో చేసిన చెకప్‌లో గుండె చుట్టూ వాపు కనిపించింది. మళ్లీ కొన్ని నెలల విశ్రాంతి తప్పలేదు. 2021 ఆగస్టు 20న రిటైర్మెంట్ ప్రకటించాడు. క్యాపిటల్స్ జెర్సీతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అలా అతడి 887 మ్యాచ్‌లూ రేంజర్స్ ఖాతాలోనే ఉండిపోయాయి. ఆ రోజుకి యూరప్‌లో పుట్టిన గోలీల్లో అతడివే అత్యధిక విజయాలు.

గోలీలే ఎందుకు?

ఆ సీజన్ నుంచే రేంజర్స్ మ్యాచ్‌లను ప్రసారం చేసే ఎంఎస్‌జీ నెట్‌వర్క్‌లో స్టూడియో విశ్లేషకుడిగా చేరాడు. ఆ తర్వాత అమెరికా అంతటా ప్రసారమయ్యే టీఎన్‌టీ ప్యానెల్‌లోనూ కూర్చున్నాడు.

ఈ దారిలో అతడు మొదటివాడేం కాదు. మాంట్రియల్ దిగ్గజ గోలీ కెన్ డ్రైడెన్ 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కామెంటరీ బాక్స్‌లో ఉన్నాడు. సోవియట్ యూనియన్‌ను అమెరికా కుర్రాళ్లు ఓడించిన సంచలన మ్యాచ్ అదే. రేంజర్స్ మాజీ గోలీ జాన్ డేవిడ్‌సన్ కూడా ఏళ్ల తరబడి టీవీ విశ్లేషకుడిగా పనిచేశాడు. లుండ్‌క్విస్ట్‌కు చోటు వదిలిన కెవిన్ వీక్స్ అయితే రిటైరయ్యాక నేరుగా టీవీకే వెళ్లి పేరు తెచ్చుకున్నాడు.

దీని వెనక కారణం ఉంది. ఐస్ హాకీలో మిగతా ఆటగాళ్లు సుమారు 45 సెకన్లు పరుగులు పెట్టి బెంచ్ మీదకు వచ్చేస్తారు. వాళ్ల స్థానంలో వేరేవాళ్లు దిగుతారు. గోలీ మాత్రం 60 నిమిషాలూ అక్కడే ఉంటాడు. మైదానమంతా ఎప్పుడూ అతడి కళ్ల ముందే ఉంటుంది. తప్పు ఎక్కడ మొదలైందో అందరికంటే ముందు అతడికే తెలుస్తుంది. క్రికెట్‌లో వికెట్‌కీపర్ కూడా అంతే. గుంటూరు నుంచి టీమిండియాకు ఎదిగిన కీపర్ ఎంఎస్‌కే ప్రసాద్ తర్వాత తెలుగు కామెంటరీ బాక్స్‌లోనూ గొంతు వినిపించాడు.

హాకీ మ్యాచ్‌లో మూడు పీరియడ్‌లు, మధ్యలో రెండు బ్రేక్‌లు ఉంటాయి. స్టూడియో విశ్లేషకుడి అసలు పని అప్పుడే. కొన్ని సెకన్ల క్లిప్ ఆపి ఆపి చూపిస్తూ గోల్ ఎలా పడిందో విడమరచాలి. చూసేవాళ్లకు అది గోలీ తప్పులా కనిపించొచ్చు. కానీ అంతకు ముందే డిఫెండర్ అడ్డొచ్చి ఉంటాడు, లేదా కర్ర తగిలి పక్ దారి మారి ఉంటుంది. ఆ తేడా చెప్పగలిగేది అక్కడ నిలబడ్డవాడే.

తన చోటులో వేరొకరు..

అయితే ఇందులో ఓ చేదు కూడా ఉంది. స్టూడియోలో అతడు విశ్లేషించాల్సింది మొన్నటిదాకా పక్కనే ఉన్నవాళ్లను. మరీ ముఖ్యంగా తన స్థానంలోకి వచ్చిన ఇగోర్ షెస్టెర్కిన్‌ను. ఇద్దరూ 2019-20లో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నారు. లుండ్‌క్విస్ట్ మైక్ పట్టుకున్న తొలి సీజన్‌లోనే షెస్టెర్కిన్ అద్భుతంగా ఆడి 2022 వెజినా ట్రోఫీ గెలిచాడు. సరిగ్గా పదేళ్ల క్రితం లుండ్‌క్విస్ట్ గెలిచిన ట్రోఫీ అది. తాను లేకపోయినా జట్టు ఆగలేదన్న నిజాన్ని రోజూ కెమెరా ముందు కూర్చుని వివరించడం ఏ ఆటగాడికైనా తేలిక కాదు.

అదే సీజన్ మధ్యలో, 2022 జనవరి 28న, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అతడి 30 నంబర్ జెర్సీని పైకప్పుకు ఎగరేశారు. ఇక రేంజర్స్‌లో ఆ నంబర్ ఎవరూ వేసుకోరు. 2023లో అర్హత వచ్చిన మొదటి ఏడాదే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. స్టాన్లీ కప్ లేని లోటు ఆ గౌరవానికి అడ్డు రాలేదు.

కెరీర్ ఎప్పుడు ముగించాలన్నది లుండ్‌క్విస్ట్ చేతిలో లేకుండా పోయింది. డాక్టర్ రిపోర్ట్ ఆ నిర్ణయం తీసుకుంది. సర్జరీ తర్వాత కూడా పోరాడాడు, వాపు కనిపించాక ఆగాడు. కప్ కంటే ప్రాణం ముఖ్యమని ఒప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలి. పక్‌ను ఆపడం ఇక అతడి పని కాదు. అది ఎటు నుంచి వస్తుందో ముందే పసిగట్టే చూపు మాత్రం అతడి దగ్గరే ఉంది. ఇప్పుడు ఆ చూపుతోనే ఆటను జనానికి అర్థమయ్యేలా చెబుతున్నాడు.