తోలు ఎర్రగుంటె సాలదు

శివరాత్రి ఒక్కపొద్దు ఇడిసేటప్పుడు తినే కందగడ్డ (చిలగడదుంప) మనదిక్కు ఎక్కువగ తోలు ఎర్రగ, లోపల తెల్లగ ఉంటది. కడుపైతె నిండుతది. గని కంటిచూపుకు కావాల్సిన విటమిన్-ఎ ఇచ్చే బీటా కెరోటిన్ అండ్ల చాన తక్కువ. అది దండిగ ఉండేది లోపల నారింజరంగున్న గడ్డల. తిరువనంతపురంల ఉన్న దుంపపంటల పరిశోధన సంస్థ తెచ్చిన భూసోన రకంల 100 గ్రాములకు 14 మిల్లీగ్రాములని లెక్క. నేలను, నీళ్లను బట్టి ఈ లెక్క కొంచెం అటిటైతది గని తెల్లది నారింజగ మారదు. యూరియా ఎక్కువేస్తె మాత్రం తీగె పారుతది, గడ్డ ఊరదు.

మొన్న అంగడిల "లోపల ఏ రంగు?" అని అడిగిన. "కోసి అమ్ముతరా అన్నా?" అని నవ్వింది అమ్మేటామె. నిజమే, బేరగాడు కూడ తోలు, తూకమే సూస్తడు. లోపలి రంగుకు పైస ఎక్కువియ్యడు. మరి రైతు ఆ తీగె ఎందుకు నాటుతడు? అంగన్‌వాడీ పిల్లల కోసం సర్కారు కొంటనంటె, నేనైతె రేపే నాలుగు సాళ్లు పెడత.