చిన్న ఉల్లంకులను గుర్తించుట

గంజాం జిల్లాయందలి మన కుటుంబములకు చిలికా సరస్సు దూరము కాదు. శీతకాలమున రంభవైపు బిడ్డలను తీసికొని పోవువారు బురదరేవులలో పిచ్చుకంత పిట్టలను చూడగలరు. అవి ఉల్లంకులు, ఉత్తరధ్రువ ప్రాంతమునుండి వచ్చునవి. వీనిలో రెండు జాతులు మిగుల భ్రమ గొలుపును. ఒకటి లిటిల్ స్టింట్, రెండవది టెమ్మింక్ అను డచ్చి పండితుని పేర పిలువబడు స్టింట్.

మొదటిదాని కాళ్లు నల్లనివి, రెండవదానివి పసుపుపచ్చనివి. పుస్తకములో ఇది సులభమే! రేవులో పసుపు కాలికి తడిబురద అంటినచో నల్లగనే తోచును. కావున రొమ్ము చూడవలెను. టెమ్మింక్ పిట్టకు మెడయు రొమ్మును బూడిద కలసిన గోధుమవన్నె. లిటిల్ స్టింటుకు రొమ్ము నడుమ తెలుపు. నా దృష్టిలో నడకయే మేలైన గురుతు. లిటిల్ స్టింట్ బయలు బురదలో చురుకుగా పరుగిడుచు మేయును. టెమ్మింక్ పిట్ట గడ్డి అంచున వంగి, నక్కినక్కి నడచును. బెదరినచో గణగణమని కూయుచు నిట్టనిలువుగా పైకెగయును. అప్పుడు తోక ప్రక్కల తెలుపు కనబడును.

1987 నుండి ఏటేట జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. అట్టి లెక్కలో ఊహించి వ్రాసిన జాతిపేరు ఒకదానిని హెచ్చించి, వేరొకదానిని తగ్గించును. గురుతు దొరకనిచో పిల్లవానిచేత “ఉల్లంకి” అని మాత్రమే వ్రాయింపుడు.