తొడ వెనుక దాగిన మూడు కండరాలు

రుకూలో వీపు సమంగా నిలవని వ్యక్తిని పక్కనున్నవారు అశ్రద్ధపరునిగా భావించడం మనలో కొందరికి అలవాటు. అయితే అలాంటి వారిలో పలువురికి అడ్డుపడేది అశ్రద్ధ కాదు, తొడ వెనుక బిగిసిపోయిన కండరాలు.

వైద్యులు వీటిని హ్యామ్‌స్ట్రింగ్స్ అంటారు. మనం నేలపై కూర్చున్నప్పుడు పిరుదుల కింద ఒత్తుకునే గట్టి ఎముక ఒకటుంది. మూడు కండరాలూ అక్కడే మొదలై, మోకాలిని దాటి దిగుతాయి. రెండు లోపలి వైపున కాలి పెద్ద ఎముకకు, మూడవది వెలుపలి వైపున సన్నని ఎముక తలకు అతుక్కుంటాయి. ఈ మూడవదానికి రెండు తలలు. వాటిలో పొట్టిది మాత్రం తొడ ఎముక వెనుక నుండే పుడుతుంది. కుర్చీలో కూర్చుని, మడమను నేలకు అదిమి వెనక్కు లాగుతున్నట్లు బిగించండి. మోకాలి వెనుక తడిమితే ఇరువైపులా తాళ్ళలాంటి నరాలు చేతికి తగులుతాయి. జనం నరాలంటారు గాని, అవి నిజానికి ఈ కండరాల స్నాయువులు.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' మొదటి గ్రంథంలోనే కండరాల వివరణకు అధ్యాయాలు కేటాయించారు. మన మదర్సాలలో ఆయన పేరు ఎరుగనివారు లేరు, ఆ అధ్యాయాలు తెరిచినవారు మాత్రం అరుదు.

తుంటిని వెనక్కు చాచడం, మోకాలిని మడవడం ఈ కండరాల పని. రుకూలో తుంటి వంగుతుంది, మోకాలు నిటారుగా ఉంటుంది. అంటే కండరం రెండు కొసల నుండీ ఒకేసారి లాగబడుతుంది. సజ్దాలో మోకాలు మడుచుకోవడం వలన అది సడలుతుంది. సజ్దా సులువుగా చేసేవారు రుకూలో ఇబ్బంది పడటం ఇందువల్లనే. కండరం సాగనప్పుడు కటి ఎముక ముందుకు వాలదు, ఆ లోటు తీర్చడానికి నడుము గూనిలా వంగుతుంది. అటువంటి వృద్ధుని వీపుపై చేయి వేసి అదిమి సరిచేయబోవడం మేలు కాదు, ఆ భారమంతా నడుముపై పడుతుంది. వంగగలిగినంత వంగడానికే షరీఅత్ ఆయనను బాధ్యుణ్ణి చేసింది.

తొడ వెనుక ప్రతి నొప్పీ కండరానిదే కాదు. శరీరంలోని అతి లావైన నాడి ఈ కండరాల నడుమ నుండే దిగుతుంది. హకీములు ఇర్ఖున్నసా అనేది ఆ నాడి బాధనే. నొప్పి నడుము నుండి మోకాలి కిందికి పాకుతూ, తిమ్మిరి కలుగుతుంటే నాడిని అనుమానించాలి. పాదం బలహీనపడినా, మూత్రంపై అదుపు తప్పినా ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

పరుగెత్తే పిల్లలకు గాయమయ్యేది ఎక్కువగా వెలుపలి కండరం పొడవు తలకే. ముందుకు విసిరిన కాలు నేలను తాకబోయే క్షణంలో, సాగుతూనే కాలిని నిలువరించవలసి రావడం దానికి కారణం. నడకలో నొప్పి తగ్గగానే క్రికెట్‌కు పంపే తల్లిదండ్రులు గమనించాలి: కండరం మానకముందే పరుగు తీస్తే అది మళ్ళీ చిట్లుతుంది.

బిగుతు మాత్రమే ఉన్నవారు వెల్లకిలా పడుకుని, అరికాలికి తువాలు చుట్టి, మోకాలు దాదాపు చాచి కాలు పైకెత్తాలి. లాగుతున్నట్లు అనిపించాలి గాని నొప్పి కలగరాదు. ఊపకుండా 30 సెకన్లు నిలిపి, రోజుకు రెండు మూడు సార్లు చేయాలి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.