ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది: రాస్‌బెర్రీ పై బోర్డులో లైనక్స్ ఎక్కించడం ఎలా?

ఇవాళ్టి ఎపిసోడ్ చేతిలో ఫోన్ తప్ప ఇంకే కంప్యూటర్ లేనివాళ్ల కోసం. "బోర్డు కొందామనే ఉంది, కానీ అందులో ఓఎస్ వెయ్యాలంటే ల్యాప్‌టాప్ కావాలంట కదా" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకొంతమంది బోర్డు కొంటారు, మొదటిసారి ఆన్ అవ్వకపోయేసరికి పాడైపోయిందనుకుని డబ్బాలో పెట్టేస్తారు. ల్యాప్‌టాప్ లేకుండా కూడా ఈ పని అవుతుంది. బోర్డు కూడా అంత తేలిగ్గా పాడైపోదు. రెండూ చూపిస్తాను.

ఉదాహరణకి రాస్‌బెర్రీ పై 4 మోడల్ బి తీసుకుందాం. మొదటి రాస్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న వచ్చింది. ఈ 4 వచ్చింది 2019 జూన్‌లో. దీని కోసం ఆ సంస్థ ఇచ్చే సిస్టమ్ పేరు రాస్‌బెర్రీ పై ఓఎస్. ఇది డెబియన్ లైనక్స్ మీద కట్టింది, ఉచితం. లైనక్స్ అంటే మీకు కొత్తేం కాదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్న కెర్నల్ కూడా లైనక్సే. తేడా ఏంటంటే, ఫోన్‌లో కంపెనీ తాళం వేసి ఇస్తుంది. ఇక్కడ తాళం లేదు.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి

ఫోన్‌లో ఓఎస్ లోపలి మెమరీలో ఉంటుంది. అందుకే అక్కడ ఏదైనా తేడా కొడితే సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తాలి. ఈ బోర్డులో ఓఎస్ పెట్టుకోవడానికి లోపల స్టోరేజ్ లేదు. ఓఎస్, మీ ఫైళ్లు, పాస్‌వర్డు, సెట్టింగులు మొత్తం మైక్రో ఎస్డీ కార్డులోనే ఉంటాయి. కార్డు తీసేస్తే బోర్డుకి ఏమీ గుర్తుండదు. ఇంకో కార్డు పెడితే ఇంకో కంప్యూటర్ అయిపోతుంది.

దీని అర్థం ఏంటి? మీరు ఏ కమాండ్ తప్పు కొట్టినా, ఏ ఫైల్ డిలీట్ చేసినా పాడయ్యేది కార్డులో ఉన్నదే. కార్డుని మళ్లీ రాస్తే అరగంటలో మొదటికి వచ్చేస్తారు. బోర్డుని నిజంగా కాల్చేసేది తప్పు వైరు. పక్కనున్న 40 పిన్నుల్లో సిగ్నల్ పిన్నులు 3.3 వోల్టుల వరకే తట్టుకుంటాయి. వాటికి 5 వోల్టులు తగిలిస్తే అప్పుడు పోతుంది. ఇవాళ మనం ఆ పిన్నుల జోలికి వెళ్లడం లేదు. కాబట్టి భయపడకుండా చేయండి.

ఏమేం కావాలి, ఛార్జర్ సంగతేంటి

బోర్డు, 16 జీబీ లేదా 32 జీబీ కార్డు, ఇంట్లో టీవీ, ఒక యూఎస్‌బీ కీబోర్డు, మైక్రో హెచ్‌డీఎంఐ నుంచి మామూలు హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్. బోర్డు మీద రెండు మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటాయి. పవర్ పోర్టుకి దగ్గరగా ఉన్నదానికే టీవీ పెట్టండి. రెండోదానికి పెట్టి "స్క్రీన్ రావట్లేదు" అని కంగారుపడేవాళ్లు చాలామంది.

ఇక పవర్. నా మొదటి బోర్డుతో రెండు రోజులు దీని దగ్గరే పోయాయి. నా ఫోన్ ఛార్జర్ మీద పెద్దగా 33 వాట్లు అని ఉంది. బోర్డుకి కావాల్సింది 15 వాట్లే కదా, ఇది సరిపోతుందిలే అనుకున్నా. బోర్డు సగం బూట్ అవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. కార్డు మార్చా, ఓఎస్ నాలుగుసార్లు రాశా, చివరికి బోర్డుని తిట్టుకున్నా. తర్వాత ఛార్జర్ మీద చిన్న అక్షరాలు చదివా. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు, 11 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు అని ఉంది. అంటే ఆ 33 వాట్లు వచ్చేది 11 వోల్టుల దగ్గర, అదీ ఆ కంపెనీ ఫోన్ అడిగితేనే. మన బోర్డు వాడేది 5 వోల్టులే. అక్కడ ఆ ఛార్జర్ ఇచ్చేది 10 వాట్లు. పై 4కి కావాల్సింది 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు.

అందుకని మీ ఛార్జర్ తిప్పి చూడండి. వాట్లు వదిలేయండి, 5 వోల్టుల లైనులో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో అదే చూడండి. సన్నటి, పొడుగు కేబుల్ కూడా వద్దు. దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది.

మొదటి దారి: నెట్ నుంచే నేరుగా

ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే ఇదే అన్నిటికంటే సులువు. రూటర్ వెనక ల్యాన్ పోర్టు ఉంటుంది. అక్కడి నుంచి బోర్డుకి ల్యాన్ కేబుల్ పెట్టండి. ఈ దశలో వైఫై పనిచేయదు, వైరే కావాలి. ఖాళీ కార్డు బోర్డులో పెట్టండి, టీవీ, కీబోర్డు తగిలించి పవర్ ఇవ్వండి. స్క్రీన్ మీద నెట్‌వర్క్ ఇన్‌స్టాల్ అని వస్తుంది. షిఫ్ట్ కీ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే, ఇమేజర్ అనే ప్రోగ్రామ్‌ని బోర్డు తనే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని నడుపుతుంది. అందులో ఓఎస్ ఎంచుకోండి, కార్డుని ఎంచుకోండి, రాయమనండి. కార్డులో పాతవి ఏమున్నా చెరిగిపోతాయి, అది గుర్తుపెట్టుకోండి.

ఈ సౌకర్యం 2022లో వచ్చింది. అంతకుముందు తయారైన బోర్డు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అయితే ఆ స్క్రీన్ రాకపోవచ్చు. అప్పుడు రెండో దారి.

రెండో దారి: ఫోన్‌తో కార్డు రాయడం

దీనికి అదనంగా ఒక ఓటీజీ కార్డు రీడర్ కావాలి. ఫోన్‌లో రాస్‌బెర్రీ పై సంస్థ వెబ్‌సైట్‌కి వెళ్లి రాస్‌బెర్రీ పై ఓఎస్ లైట్ డౌన్‌లోడ్ చేయండి. లైట్ అంటే డెస్క్‌టాప్ బొమ్మలు ఉండవు, నల్ల స్క్రీన్ మీద అక్షరాలే. ఫైల్ చిన్నది, నేర్చుకోవడానికి ఇదే మంచిది.

వచ్చిన ఫైల్ ఎక్స్‌జెడ్ రకంలో కుదించి ఉంటుంది. అలాగే రాసేస్తే బూట్ అవ్వదు. ముందు జెడ్‌ఆర్కైవర్ లాంటి యాప్‌తో విప్పండి. విప్పాక కొన్ని జీబీలు అవుతుంది, ఫోన్‌లో అంత ఖాళీ ఉంచుకోండి. తర్వాత ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్ వేసుకోండి. అది కూడా ఓపెన్ సోర్సే, ఫోన్ రూట్ చేయక్కర్లేదు. ఇమేజ్ ఫైల్ చూపించి, కార్డు రీడర్ చూపించి, మొదలుపెట్టండి. పూర్తయ్యేదాకా రీడర్ కదపకండి.

ఒక అనుమానం అందరికీ వస్తుంది. ఓఎస్ ఫైల్‌ని మామూలుగా కాపీ చేసి కార్డులో పేస్ట్ చేస్తే ఎందుకు పనిచేయదు? ఎందుకంటే ఆ ఇమేజ్ ఒక ఫైల్ లాగా కనిపించినా, నిజానికి అది మొత్తం కార్డుకి నకలు. అందులో రెండు భాగాలు ఉంటాయి. చిన్నది బూట్ భాగం, ఫ్యాట్ పద్ధతిలో ఉంటుంది. పెద్దది అసలు లైనక్స్ ఉండే భాగం, ఈఎక్స్‌టీ4 పద్ధతి. పేస్ట్ చేస్తే ఫ్యాట్ కార్డులో ఒక పెద్ద ఫైల్ పడి ఉంటుంది, అంతే. బోర్డుకి కావాల్సిన ఆ రెండు భాగాలు ఏర్పడవు.

ఆన్ చేశాక లోపల ఏం జరుగుతుంది

కార్డు పెట్టి పవర్ ఇవ్వగానే లైనక్స్ వెంటనే మొదలవ్వదు. ముందు చిప్ లోపల శాశ్వతంగా ఉన్న చిన్న కోడ్ లేస్తుంది. అది బోర్డు మీదున్న చిన్న మెమరీ నుంచి బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. బూట్‌లోడర్ కార్డులోని ఫ్యాట్ భాగం తెరిచి ఫర్మ్‌వేర్ తీసుకుంటుంది. ఫర్మ్‌వేర్ అక్కడే ఉన్న కాన్ఫిగ్ ఫైల్ చదివి, లైనక్స్ కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నల్ లేచాక రెండో భాగాన్ని తెరుస్తుంది. అప్పుడు మీకు లాగిన్ కనిపిస్తుంది.

ఈ వరస ఎందుకు చెప్తున్నానంటే, ఎక్కడ ఆగిందో లైట్లు చూసి చెప్పేయొచ్చు. ఎర్ర లైటు పవర్‌ది. అది మధ్యమధ్యలో ఆరిపోతుంటే వోల్టేజ్ చాలట్లేదు, ఛార్జర్ లేదా కేబుల్ మార్చాలి. ఆకుపచ్చ లైటు కార్డుది. అది ఇష్టమొచ్చినట్టు మిణుకుమంటుంటే చదువుతోంది, మంచిదే. లెక్కగా నాలుగుసార్లు కొట్టి ఆగి, మళ్లీ నాలుగుసార్లు కొడుతుంటే ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదు. ఏడుసార్లు అయితే కెర్నల్ ఫైల్ దొరకలేదు. రెండిట్లో ఏదైనా ముందు కార్డుని మళ్లీ రాయండి. ఎర్ర లైటు గట్టిగా వెలుగుతూ ఆకుపచ్చ అసలు కదలకపోతే కార్డు సరిగ్గా దిగిందో లేదో చూడండి.

మొదటి బూట్‌లో అడిగే ప్రశ్నలు

ముందు కీబోర్డు లేఅవుట్ అడుగుతుంది. ఇక్కడ ఎంటర్ కొట్టేసి ముందుకెళ్లొద్దు. ఈ సంస్థ ఇంగ్లండ్‌ది కాబట్టి ముందుగా ఎంపికై ఉండేది బ్రిటిష్ లేఅవుట్. మన దగ్గర దొరికే కీబోర్డులు ఎక్కువగా అమెరికన్ లేఅవుట్‌వి. బ్రిటిష్‌లో ఎట్ గుర్తు, డబుల్ కోట్ గుర్తు తారుమారు అవుతాయి. పాస్‌వర్డులో ఎట్ పెట్టానని మీరనుకుంటారు, అక్కడ పడేది కోట్. తర్వాత ఫోన్ నుంచి లాగిన్ అయితే పాస్‌వర్డు తప్పు అంటుంది. అమెరికన్ లేఅవుట్ ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

తర్వాత యూజర్ నేమ్, పాస్‌వర్డు మీరే పెట్టుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు లాగిన్ అయినా, పాస్‌వర్డు కొడుతున్నప్పుడు స్క్రీన్ మీద చుక్కలు కూడా పడవు. కీబోర్డు పనిచేయట్లేదని అనుకోవద్దు, లైనక్స్ పద్ధతే అది. ఒకప్పుడు ప్రతి బోర్డుకీ పై అనే యూజర్, రాస్‌బెర్రీ అనే పాస్‌వర్డు ఉండేవి. 2022 ఏప్రిల్‌లో అది తీసేశారు. ఎందుకో తెలియాలంటే 2016 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది మిరాయ్ అనే మాల్‌వేర్, ఎవరూ మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే బోలెడన్ని ఇంటర్నెట్ కెమెరాల్లోకి, రూటర్లలోకి దూరింది. మీ బోర్డు కూడా నెట్‌లో ఉండే కంప్యూటరే. కాబట్టి 1234 లాంటివి పెట్టకండి.

ఇక ఫోనే స్క్రీన్

లాగిన్ అయ్యాక సుడో రాస్పి-కాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టండి. నీలం రంగు మెనూ వస్తుంది. అందులో మూడు పనులు. ఒకటి, వైఫై దేశంగా ఇండియా ఎంచుకోండి. దేశం చెప్పేదాకా వైఫైని సిస్టమ్ ఆపి ఉంచుతుంది, చాలామందికి వైఫై రాకపోవడానికి కారణం ఇదే. రెండు, మీ వైఫై పేరు, పాస్‌వర్డు ఇవ్వండి. మీ ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ అయినా పర్లేదు. మూడు, ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌లో ఎస్ఎస్‌హెచ్ ఆన్ చేయండి.

బోర్డుకి వచ్చిన ఐపీ నంబరు రాసుకోండి. హోస్ట్‌నేమ్ అని కొట్టి, స్పేస్, హైఫన్, పెద్ద ఐ కొడితే చూపిస్తుంది. ఇప్పుడు ఫోన్‌ని అదే వైఫైలో పెట్టి, టెర్మక్స్ యాప్‌లో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ ప్యాకేజీ వేసుకోండి. ఎస్ఎస్‌హెచ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మీ యూజర్ నేమ్, ఎట్ గుర్తు, ఐపీ నంబరు. అంతే, బోర్డు మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది. టీవీ ఇంట్లోవాళ్లకి ఇచ్చేయొచ్చు.

మొదట చేయాల్సింది అప్‌డేట్. సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్. ఇక్కడ తేదీ గురించి ఎర్రర్ వస్తే ఆశ్చర్యపోకండి. ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు. ఆఫ్ చేస్తే టైమ్ ఆగిపోతుంది, నెట్ తగిలాకే సరిచేసుకుంటుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి.

ఆపేటప్పుడు మర్చిపోవద్దు

ఫోన్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి మనకి ఈ అలవాటు లేదు. బోర్డుకి బ్యాటరీ లేదు. కార్డులో రాస్తుండగా ప్లగ్ పీకేస్తే ఫైళ్లు సగంలో ఆగిపోతాయి, మర్నాడు బూట్ అవ్వకపోవచ్చు. సుడో పవర్‌ఆఫ్ కొట్టి, ఆకుపచ్చ లైటు ఆగాక ప్లగ్ తీయండి. మీ ఊళ్లో కరెంటు తరచూ పోతుంటే ముఖ్యమైన ఫైళ్లు ఫోన్‌లోకి కూడా కాపీ చేసి పెట్టుకోండి.

ఒకవేళ అప్పటికీ చెడిపోయిందనుకోండి, మీరు మొదట్లో చేసిందే మళ్లీ చేస్తారు. మొదటిసారి ఒక సాయంత్రం పట్టింది, రెండోసారి అరగంట చాలు. నాకు కార్డు చెడిపోయిన ప్రతిసారీ కొత్త విషయం ఒకటి తెలిసింది. డబ్బాలో పెట్టేసిన బోర్డు ఏదైనా మీ దగ్గరుంటే ఈ ఆదివారం బయటికి తీయండి. ముందు ఛార్జర్ మీద చిన్న అక్షరాలు చదవండి, తర్వాత ఆకుపచ్చ లైటు ఎన్నిసార్లు కొడుతుందో లెక్కపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ 40 పిన్నుల దగ్గరికి వెళ్దాం, ఒక చిన్న ఎల్ఈడీని జాగ్రత్తగా వెలిగిద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి.