కొత్తిమీర దగ్గర బేరం... లక్షల దగ్గర మౌనం!

కొత్తిమీర కట్ట పది రూపాయలంటే ఎనిమిదికిస్తావా అని అడుగుతారు. టమాటా ధర మండిపోతే చింతపండుతో సరిపెట్టేస్తారు. పాలప్యాకెట్ మీద రూపాయి పెరిగితే వారం రోజులు ఇంట్లో అదే చర్చ. అదే ఇంట్లో... స్కూలు ఫీజు పదివేలు పెరిగితే మారుమాట్లాడకుండా కట్టేస్తారు. ఫంక్షన్ హాలు అద్దె ఇంకో లక్ష ఎక్కువన్నా ‘పిల్ల పెళ్లి మళ్లీ మళ్లీ చేస్తామా’ అంటూ తలూపేస్తారు. తీరా నెలాఖరులో డబ్బు చాలకపోతే మాత్రం అందరి చూపూ వంటింటి వైపే! ‘సరుకులకే అంతా అయిపోతోంది’ అన్న మాట పడేది ఇంటి ఇల్లాలే.

నిజంగా సంసారాన్ని కుదిపేస్తున్నవి సరుకులేనా? లెక్కలు అలా చెప్పడం లేదు.

తరిగిపోతున్న బియ్యం పద్దు

మన దేశంలో ఏ కుటుంబం దేనికెంత ఖర్చు పెడుతోందో కేంద్ర గణాంక శాఖ ఇంటింటి సర్వేలు చేసి చెబుతుంటుంది. 2023 ఆగస్టు నుంచి 2024 జులై వరకూ జరిగిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఒక మనిషికి సగటున నెలకు రూ.7,182 ఖర్చవుతోంది. పల్లెల్లో అయితే రూ.5,327. తెలంగాణలో ఇవి వరసగా రూ.8,978, రూ.5,435. అంటే నలుగురున్న ఇంటికి ఆంధ్రా పట్టణాల్లో దాదాపు 29 వేలు, తెలంగాణ పట్టణాల్లో 36 వేలకు కాస్త తక్కువ.

ఇందులో తిండి వాటా ఎంత? పాతికేళ్ల కిందట, 1999-2000లో దేశంలోని పల్లె కుటుంబాలు వంద రూపాయలు ఖర్చు చేస్తే అందులో 59 రూపాయలు తిండికే పోయేవి. 2023-24 నాటికి అది 47 రూపాయలకు తగ్గింది. పట్టణాల్లో 48 నుంచి 40 రూపాయల లోపుకి దిగింది. బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల సంగతైతే మరీ ఆశ్చర్యం. పల్లెల్లో వందకు 22 రూపాయలుండే ఆ ఖర్చు ఇప్పుడు ఐదు రూపాయలు! రేషన్ బియ్యం ఆసరా కొంత, అన్నం తినడం తగ్గి పాలు, గుడ్లు, పండ్లు పెరగడం కొంత ఇందుకు కారణం. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. ఆయన మాటే మన ఇళ్లలోనూ నిజమవుతోంది.

అలాగని వంటింటి పద్దులో చూసుకోవాల్సింది ఏమీ లేదని కాదు. పట్టణాల్లో ప్రస్తుతం తిండి ఖర్చులో పెద్ద పీట బియ్యానిదీ కాదు, పప్పుదీ కాదు. ప్యాకెట్ చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు, టీ కాఫీలు, బయటి నుంచి తెప్పించుకునే భోజనాలది! మొత్తం ఖర్చులో వాటి వాటా 11 శాతం. ధాన్యాలది నాలుగు శాతం కూడా లేదు. ఇక బస్సులూ ఆటోలూ పెట్రోలూ కలిపి రాకపోకలకయ్యేది ఎనిమిదిన్నర శాతం దాకా ఉంది. అంటే పట్టణవాసి అన్నం వండుకోవడానికి పెట్టేదానికి రెట్టింపు కంటే ఎక్కువ సొమ్ము తిరగడానికి పెడుతున్నాడన్నమాట!

సర్వేకి అందని ఖర్చు

ఇంతకీ అసలు పెద్ద ఖర్చులు ఏవి? ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఈ కాలానికి దానికి మరో రెండు కలుపుకోవాలి... పిల్లల్ని చదివించి చూడు, ఆసుపత్రికి వెళ్లి చూడు!

ఈ నాలుగింటికీ ఓ పోలిక ఉంది. ఇవి నెలనెలా ఒకేలా రావు. ఏడాదికోసారో, పదేళ్లకోసారో, జీవితంలో ఒక్కసారో వస్తాయి. అందుకే నెలవారీ పద్దు పుస్తకంలో వీటికి గడి ఉండదు. వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుంటారు. వచ్చినప్పుడు చూసుకునేది... అప్పే.

వీటిలో మొదటిది ఇల్లు. పట్టణ కుటుంబాల ఖర్చులో ఇంటద్దె వాటా ఆరున్నర శాతమేనని సర్వే చెబుతుంది. అద్దె ఇంట్లో ఉండేవారెవరికైనా ఆ మాట వింటే నవ్వొస్తుంది. సొంతిల్లున్నవాళ్లను కూడా కలిపి తీసిన సగటు కాబట్టి అలా కనిపిస్తుంది. పైగా ఇల్లు కొనడానికి పెట్టిన సొమ్ము, బ్యాంకుకు కట్టే గృహరుణ వాయిదా ఈ సర్వే లెక్కలోకి రావు. అది వినియోగం కాదు, ఆస్తి కొనుగోలు కాబట్టి!

మరి ఇంటి యజమాని లెక్కలో ఎలా ఉంటుంది? రూ.40 లక్షల గృహరుణం ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా సుమారు రూ.34,700. ఇరవై ఏళ్లలో కట్టేది మొత్తం రూ.83 లక్షలకు పైనే. అంటే తీసుకున్న అసలు కంటే వడ్డీయే ఎక్కువ! అదే ఏటా ఒక్క వాయిదా అదనంగా కట్టగలిగితే, వడ్డీ రేటు అలాగే ఉంటే, అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. వడ్డీలో ఎనిమిది లక్షల దాకా మిగులుతుంది. కూరగాయల దగ్గర రోజుకు పది రూపాయలు మిగిల్చినా ఇరవై ఏళ్లకు తేలేది రూ.73 వేలు. రెండింటికీ ఎంత తేడా!

ఫ్లాటు ధర ఒక్కటే చూసుకుని బరిలోకి దిగేవారు మరో పొరపాటూ చేస్తుంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ చార్జీలన్నీ కలిపితే ఏడు శాతం పైమాటే. రూ.50 లక్షల ఇంటికి మూడున్నర లక్షలు దాటుతుంది. కప్‌బోర్డులు, కరెంటు మీటరు, అపార్ట్‌మెంటు నిర్వహణ నిధి, గృహప్రవేశం భోజనాలు... ఇవన్నీ మళ్లీ వేరే. బ్యాంకు సాధారణంగా వీటికి అప్పివ్వదు. అప్పుడే క్రెడిట్ కార్డులూ, చేబదుళ్లూ, తాకట్టులోకి బంగారం!

జూన్ వస్తోందంటే గుబులు

బడిగంట మోగే జూన్ నెల తల్లిదండ్రులకు పరీక్షాకాలం. 2025లో కేంద్రం చేసిన విద్యా సర్వే ప్రకారం ప్రభుత్వ బడిలో చదివే ఒక విద్యార్థికి ఆ విద్యాసంవత్సరంలో కుటుంబం పెట్టే సగటు ఖర్చు రూ.2,863. ప్రైవేటు బడుల్లో అది రూ.25,002. దాదాపు తొమ్మిది రెట్లు! ఇది పల్లె, పట్నం అన్నీ కలిపిన దేశ సగటు. నగరాల్లో పేరున్న స్కూళ్ల ఫీజు ఇంతకు ఎన్ని రెట్లో కట్టేవారికి చెప్పనక్కర్లేదు. ట్యూషన్లు దీనికి అదనం. దేశంలో వంద మంది విద్యార్థుల్లో 27 మంది ప్రైవేటు కోచింగ్‌కు వెళ్తున్నారని అదే సర్వే తేల్చింది.

తెలుగు ఇళ్లలో అసలు పరీక్ష పదో తరగతి తర్వాత మొదలవుతుంది. ఇంజినీరింగో, మెడిసినో లక్ష్యంగా రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ అంటే లక్షల్లో మాట. ఇద్దరు పిల్లలుండి, ఒకరు ఇంటర్‌కు, మరొకరు ఇంజినీరింగ్‌కు ఒకే ఏడాది వచ్చారంటే ఆ ఇంట్లో ఆ ఏడాది పండగ బట్టలకు కూడా వెనకాడాల్సిందే. చిత్రమేమంటే, ఈ సంగతి పిల్లలు పుట్టిన రోజే తెలుసు. ఏ సంవత్సరంలో ఏ తరగతికొస్తారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పొచ్చు. ముందే తేదీ తెలిసిన ఖర్చుకు ముందే డబ్బు కూడబెట్టకపోవడం వల్లే అది పిడుగులా కనిపిస్తుంది.

మంచం పడితే...

చదువు ఖర్చుకు తేదీ ఉంటుంది. జబ్బుకు ఉండదు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో ప్రభుత్వాసుపత్రిలో చేరితే సగటున నాలుగైదు వేలు ఖర్చయింది. అదే ప్రైవేటులో చేరితే పల్లెవాసులకు రూ.27 వేలు, పట్టణవాసులకు దాదాపు రూ.39 వేలు. అప్పటి నుంచి చార్జీలు పెరగడమే కానీ తగ్గింది లేదు.

ప్రసవాన్నే తీసుకుంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో వంద కాన్పుల్లో 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లే. కోత కాన్పు అంటే ఆసుపత్రిలో ఉండే రోజులూ ఎక్కువే, బిల్లూ ఎక్కువే.

పేదలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద అండ అయింది. పెద్ద ఆపరేషన్లకు ఇల్లూ పొలం అమ్ముకునే అవస్థ చాలా కుటుంబాలకు తప్పింది. కానీ నెలనెలా వేసుకునే బీపీ, షుగరు మాత్రలు, పరీక్షలు, డాక్టరు ఫీజు... చాలామందికి ఇవి జేబులోంచే వెళ్తాయి. జెనరిక్ మందులమ్మే జనౌషధి కేంద్రాల్లో బ్రాండెడ్ వాటితో పోలిస్తే సగానికి సగమో, అంతకన్నా ఎక్కువో తేడా ఉంటుంది. నెలకు రెండు వేల మందులు వాడే పెద్దలున్న ఇంట్లో డాక్టరును అడిగి ఆ మార్పు చేసుకుంటే ఏడాదికి పన్నెండు వేల దాకా మిగిలినట్టే.

కార్డు లేని మధ్యతరగతికి దారి ఆరోగ్యబీమా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్యబీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. అప్పటికే ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి ఆగాల్సిన గడువునూ 2024లో గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. అయినా ఆ మూడేళ్లూ ఆగాలంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే పాలసీ తీసుకోవాలి. మంచం మీద నుంచి తీసుకునేది కాదది!

పరువు ఖరీదెంత?

కట్నం బాకీ చుట్టూ అల్లిన కథతో విజయా వారు ‘పెళ్ళి చేసి చూడు’ సినిమా తీసింది 1952లో. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఏళ్లు గడిచాయి కానీ పెళ్లి ఖర్చు మాత్రం తగ్గలేదు. నిశ్చితార్థం, హల్దీ, సంగీత్, ప్రీవెడ్డింగ్ షూట్, పెళ్లి, రిసెప్షన్... ఒకనాటి ఒక్క వేడుక ఇప్పుడు అరడజను అయింది. పది గ్రాముల మేలిమి బంగారం 2025 ఏప్రిల్‌లో తొలిసారి లక్ష రూపాయలను తాకింది. ‘పది తులాలు పెడతాం’ అన్న పాత మాట నిలబెట్టుకోవాలంటే ఆ ధరకే పది లక్షలు!

మిగతా మూడు ఖర్చులకూ దీనికీ ఓ తేడా ఉంది. ఇల్లు నీడనిస్తుంది, చదువు బతుకునిస్తుంది, వైద్యం ప్రాణం నిలబెడుతుంది. పెళ్లి ఖర్చులో మాత్రం చాలా భాగం ఎదుటివారి కళ్ల కోసం. ఎంతమందిని పిలవాలి, ఎన్ని వంటకాలు వడ్డించాలన్నది పూర్తిగా మన చేతిలో ఉన్న విషయం. అంటే కోత పెట్టడానికి అన్నిటికన్నా వీలున్న చోటు ఇదే. అక్కడే అందరూ నోరు మెదపరు!

పన్నెండుతో భాగించండి

ఉగాది రోజు పంచాంగం విప్పి ఆదాయమెంత, వ్యయమెంత అని ఆసక్తిగా చూసుకుంటారు. అదే రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని సొంత ఆదాయ వ్యయాలు కూడా రాసుకుంటే సరి. పద్ధతి చాలా సులువు. నెలనెలా రాని ఖర్చులన్నీ ఓ కాగితం మీద రాసి, కూడి, పన్నెండుతో భాగించాలి.

ఉదాహరణకి నెలకు రూ.60 వేలు చేతికొచ్చే ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు రూ.90 వేలు. పుస్తకాలు, యూనిఫారాలు, బస్సు రూ.30 వేలు. ఆరోగ్యబీమా రూ.24 వేలు. బండి బీమా, సర్వీసింగ్ రూ.8 వేలు. పండగలు, బట్టలు రూ.30 వేలు. పాడైన ఫ్రిజ్, మోటారు లాంటివి రూ.20 వేలు. బంధువుల పెళ్లిళ్లు, చదివింపులు, ప్రయాణాలు రూ.14 వేలు. మొత్తం రూ.2 లక్షల 16 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు రూ.18 వేలు!

అంటే జీతం 60 వేలని అనుకుంటున్నా ఆ ఇంటివారు నెలలో నిజంగా ఖర్చు పెట్టుకోగలిగేది 42 వేలే. అద్దె 15 వేలు తీసేస్తే మిగిలేది 27 వేలు. అందులోనే సరుకులు, పాలు, పెట్రోలు, కరెంటు, ఫోన్లు, పొదుపు అన్నీ! ఈ సంగతి తెలియకే ఆగస్టు నుంచి మార్చి దాకా కాస్త ధారాళంగా గడిపేసి, జూన్‌లో అప్పు కోసం వెతుకుతారు.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాల్సినవి...

* నెలనెలా రాని ఖర్చుల కోసం పక్కన పెట్టే సొమ్ముకు విడిగా ఓ బ్యాంకు ఖాతా ఉండాలి. జీతం పడిన రోజే అందులోకి మళ్లించాలి. పోస్టాఫీసు, బ్యాంకు రికరింగ్ డిపాజిట్లు ఇందుకు సరిపోతాయి.

* అన్ని అప్పుల వాయిదాలూ కలిపి చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకూడదన్నది ఆర్థిక సలహాదారులు సాధారణంగా చెప్పే మాట.

* కనీసం మూణ్నెల్ల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా మొదట ఆదుకునేది అదే.

* ఇల్లు మారేముందు అద్దె ఒక్కటే చూడకూడదు. ఆఫీసుకీ, బడికీ అయ్యే రాకపోకల ఖర్చు కూడా కలిపి చూడాలి. రెండువేలు తక్కువని దూరం వెళ్తే మూడువేలు పెట్రోలుకే పోవచ్చు.

* పదివేలు దాటే ఏ ఖర్చయినా భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయించాలి. ఎదిగిన పిల్లలుంటే వాళ్లకూ లెక్క తెలియాలి. తమ ఫీజు ఎంతో తెలిసిన పిల్లలు డబ్బు విలువా తెలుసుకుంటారు.

కొత్తిమీర దగ్గర బేరమాడటం తప్పేం కాదు. కాకపోతే అమ్మేది తోపుడు బండి మీద బతికే చిరువ్యాపారి. అక్కడ మిగిలేది రెండు రూపాయలు. అదే గట్టి గొంతుతో ‘ఇంత ఫీజు ఎందుకు? ఈ పరీక్ష అవసరమా? ఇంతమందికి భోజనాలు పెట్టాలా? వడ్డీ తగ్గించరా?’ అని ఏడాదికి నాలుగుసార్లు అడగగలిగితే... వంటింటి పద్దు మీద నింద పడటం దానంతటదే తగ్గుతుంది!