లింకు నొక్కితే తలుపు మూసి ఉన్నది!



గత సంవత్సరము జూన్ నెలలో ఒక ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక సహోదరి నా యొద్దకు వచ్చి నిలబడినది. కూలి పనితో ఇల్లు నడుపుకుంటున్న విధవరాలు. కుమార్తె ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో పాసయినది. పై చదువుకు ఫీజు సహాయము ఇచ్చే ఒక సంస్థ దరఖాస్తు లింకును మా సంఘ వెబ్‌సైటులో “విద్యార్థులకు సహాయములు” అనే పేజీలో మేమే పెట్టియున్నాము. దానిని నమ్మి తల్లీ బిడ్డలిద్దరు ఒక రోజు కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి మండల కేంద్రములోని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లారు. అక్కడి అబ్బాయి లింకు నొక్కాడు. తెల్లని తెరమీద “404” అనే అంకె వచ్చినది. “ఇది తీసేశారమ్మా” అని చెప్పి పంపివేశాడు.

నిజానికి ఆ సహాయము ఆగిపోలేదు. సంస్థవారు తమ సైటును కొత్తగా మార్చుకున్నారు; దరఖాస్తు పేజీ వేరొక చిరునామాకు వెళ్లినది. గడువు ఇంకా పది రోజులున్నది. ఆ సంగతి మాకు తెలిసేసరికి గడువు దాటిపోయినది.

ఆమె నన్ను నిందించలేదు. “మీరు పెట్టారు గదా అయ్యగారూ, ఉంటుందనే అనుకున్నాము” అన్నది. ఆ ఒక్క మాట నాకు చాలును. ఆ పేజీని పెట్టినది మేము. పెట్టిన తరువాత ఒక్కసారైనా తెరచి చూడనిది కూడ మేమే.

మాదాపూరులో ఒక రాత్రి

ఆ తరువాత కొద్ది వారములకు పనిమీద హైదరాబాదు వెళ్లి, మా సంఘములో పెరిగిన ఒక యౌవనస్థుని గదిలో రెండు రాత్రులు ఉన్నాను. అతడు హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరు పరీక్షించే ఉద్యోగము చేస్తున్నాడు. సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు చుట్టూ ఎక్కువగా బండరాళ్లే. నేడు మాదాపూరు, గచ్చిబౌలి దాటి ఎంతో దూరము అద్దాల మేడలే. మన పల్లెల బిడ్డలు ఎందరో అక్కడ పని చేస్తున్నారు. వారు ఏమి చేస్తారో మనకు సరిగా తెలియదు. ఆ రాత్రి నాకు కొంత తెలిసినది.

జరిగినది చెప్పగా అతడు కొంచెము సేపు మౌనముగా ఉండి, “అయ్యగారూ, మా ఆఫీసులో ఇది రోజూ చూసే పని. మన సైటును కూడ చూద్దాము” అని లాప్‌టాపు తెరచాడు. బొమ్మలు ఏమీ లేవు. నల్లని తెర, దానిమీద మెరిసే చిన్న గీత. దీనిని కమాండ్ లైన్ అంటారట. మౌసుతో నొక్కడము కాక, కావలసిన పనిని అక్షరాలలో టైపు చేసి యంత్రమునకు ఆజ్ఞ ఇచ్చే పద్ధతి ఇది.

అతడు “లింక్‌చెకర్” అనే పేరు టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, మా సంఘ సైటు చిరునామా టైపు చేసి ఎంటర్ నొక్కాడు. అంతే! టీ తాగి వచ్చేలోగా జాబితా సిద్ధము.

లింకులు ఎందుకు తెగిపోతాయి?

వెబ్‌ను కనిపెట్టినది టిమ్ బెర్నర్స్ లీ. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989లో ఆయన ఈ ఆలోచనను ముందు పెట్టాడు. ఎవరి అనుమతీ అడుగకుండా ఎవరైనా ఎవరి పేజీకైనా లింకు ఇవ్వవచ్చును. అందువలననే వెబ్ అంత త్వరగా లోకమంతా వ్యాపించినది. అయితే ఇందులోనే ఒక బలహీనత కూడ ఉన్నది. లింకు ఒకవైపు మాత్రమే ఉంటుంది. మనము ఫలానా పేజీకి లింకు ఇచ్చామని ఆ పేజీవారికి తెలియదు. వారు పేజీని మార్చినా, తీసివేసినా మనకు కబురు రాదు.

ఊరు విడిచి వెళ్లిన బంధువు మనకు కొత్త చిరునామా చెప్పలేదనుకోండి. మనము పాత చిరునామాకే ఉత్తరము వ్రాస్తూ ఉంటాము. తపాలా జవాను అక్కడికి వెళ్లి, “ఇక్కడ ఎవరూ లేరు” అని వెనుకకు తెస్తాడు. ఆ 404 అనేది అటువంటి జవాబే. ఇల్లు దొరికినది గాని అడిగిన గది అందులో లేదు అని దాని భావము. బాధ్యత ఎరిగినవారు ఇల్లు మారేటప్పుడు తపాలా కార్యాలయములో కొత్త చిరునామా వ్రాయించి వెళ్తారు. వెబ్‌లో కూడ ఆ ఏర్పాటు ఉన్నది. దాని అంకె 301. పాత చిరునామాకు వచ్చినవారిని అది కొత్త చోటికి పంపిస్తుంది. ఆ సంస్థవారు ఈ చిన్న పని చేసియుంటే మా సహోదరి వట్టి చేతులతో తిరిగి వచ్చేది కాదు. మేము ముందుగా చూచుకొనియున్నా వచ్చేది కాదు.

ఇది మన ఒక్కరి కష్టము కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రము 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతము 2023 నాటికి దొరకకుండా పోయాయి. పది సంవత్సరములలో పది పేజీలకు దాదాపు నాలుగు!

ఆ పరికరము ఏమి చేస్తుంది?

లింక్‌చెకర్ ఉచితముగా దొరికే పరికరము. పైథాన్ అనే భాషలో వ్రాయబడినది. పైథాన్ ఉన్న ఏ కంప్యూటరులోనైనా పెట్టుకోవచ్చును. ఇది చేసే పని ఒక ఓపికగల తపాలా జవాను పని వంటిది. మొదట మన సైటు మొదటి పేజీని తెరుస్తుంది. అందులో ఉన్న ప్రతి లింకును, ప్రతి బొమ్మ చిరునామాను ఏరుకుంటుంది. ఒక్కొక్క దాని తలుపు తట్టి, “ఉన్నారా?” అని అడుగుతుంది. మన సైటులోని పేజీ అయితే లోపలికి వెళ్లి, అక్కడి లింకులను కూడ ఏరుకొని మరల అదే పని చేస్తుంది. ఒకసారి చూసిన తలుపును గుర్తుంచుకుంటుంది గనుక ఒకే చోట గిరగిర తిరుగదు.

చివరకు బాగున్న వాటిని గూర్చి మాట్లాడదు. పాడైన వాటిని మాత్రమే చెప్తుంది. తెగిన చిరునామా ఏది, అది మన ఏ పేజీలో ఎన్నవ వరుసలో ఉన్నది, వచ్చిన జవాబు ఏమిటి అని వరుసగా చూపుతుంది. ఎక్కడ దిద్దాలో వెదకుకొనే పని లేదు. అన్నిటికంటె నాకు మేలుగా తోచినది ఇదే.

మొదటిసారి జాబితాలో 9 తప్పులు వచ్చాయి. “ఇంతేనా?” అని సంతోషించాను. అతడు నవ్వి, “ఇది మన ఇంటి తలుపులు మాత్రమే చూసింది అయ్యగారూ. బయటివారి తలుపులు కూడ చూడమని ప్రత్యేకముగా చెప్పాలి” అన్నాడు. ఆజ్ఞలో రెండు అడ్డగీతలు, వాటి వెంబడి “చెక్-ఎక్స్‌టర్న్” అనే మాట చేర్చి మరల నడిపాడు. ఈసారి మొత్తము 23! “విద్యార్థులకు సహాయములు” పేజీలోనే 7 ఉన్నాయి. సంవత్సరము నుండియో, రెండు సంవత్సరముల నుండియో అవి అలాగే ఉన్నాయి. ఇంకెందరు ఆ పేజీని చూసి నిరాశతో వెనుదిరిగారో!

మన ఇంటి తప్పులు తొమ్మిదీ చిన్నవే. ఒకచోట అక్షరము పొరపాటు. ఒకచోట ఫోటో పేరు మార్చి, పేజీలో మార్చడము మరచిపోయారు. అరగంటలో దిద్దాము. బయటివాటికి మాత్రము ఒక్కొక్క సంస్థ మొదటి పేజీకి వెళ్లి కొత్త చిరునామా వెదకవలసి వచ్చినది. ఆ పని యంత్రము చేయదు, మనుష్యుడే చేయాలి.

గచ్చిబౌలి నేర్పిన పాఠము

మరునాడు గచ్చిబౌలిలో ఐఐఐటి గేటు ముందుగా వెళ్తున్నప్పుడు ఆ యౌవనస్థుడు ఇంకొక సంగతి చెప్పాడు. 1998లో స్థాపించబడిన ఈ విద్యాసంస్థ “డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా” అనే గొప్ప పనిలో ఒక ముఖ్య భాగస్వామి. చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమానము పొందిన రాజ్ రెడ్డి గారు ఈ పనికి ప్రేరణ ఇచ్చినవారిలో ఒకరు. పాత పుస్తకములను స్కాన్ చేసి అందరికి ఉచితముగా అందించాలని తలంచారు. అలాగే లక్షలాది పుస్తకములు, వాటిలో వేలాది తెలుగు పుస్తకములు వెబ్‌లోనికి వచ్చాయి. తెలుగు వికీపీడియాలో వ్రాసేవారు తమ వ్యాసాల క్రింద ఆధారముగా ఆ పుస్తకముల లింకులను ఇచ్చారు.

అయితే కాపీహక్కుల అభ్యంతరాలు వచ్చాయి. 2017 నాటికి ఆ సైటు ప్రజలకు అందకుండా పోయినది. ఆ ఆధారపు లింకులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. వ్యాసము ఉన్నది, ఆధారము లేదు! అదృష్టవశాత్తు చాలా పుస్తకముల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచబడినవి గనుక నేటికీ చదువుకోగలుగుతున్నాము. పెద్ద విద్యాసంస్థలు పూనుకున్న పనికే ఇట్లు జరిగినప్పుడు మన చిన్న సైటుల సంగతి చెప్పవలెనా?

యంత్రము చెప్పలేనిది

పరికరము మంచిదే గాని దాని మాటనే పూర్తిగా నమ్మకూడదు. రెండు విధములుగా అది పొరబడగలదు.

మొదటిది, బాగున్న దానిని చెడిపోయినదని చెప్పవచ్చు. కొన్ని సైటులు యంత్రములను లోపలికి రానీయవు; 403 అని జవాబిస్తాయి. మనము ఫోనులో తెరిస్తే చక్కగా తెరుచుకుంటాయి. కొన్ని చాలా నిదానము. జవాబు వచ్చేలోగా పరికరము విసిగి వెళ్లిపోతుంది. కాబట్టి తీసివేయక ముందు ఒకసారి మీ చేతితో తెరచి చూడండి.

రెండవది మరింత ప్రమాదము. చెడిపోయిన దానిని బాగున్నదని చెప్పవచ్చు. ఒక సంస్థ తన సైటు పేరుకు ప్రతి సంవత్సరము కట్టవలసిన రుసుము కట్టడము మానివేస్తే, ఆ పేరును వేరెవరైనా కొనుక్కోవచ్చును. అనాథాశ్రమము సైటు ఉన్న చిరునామాలోనే రేపు జూదపు ప్రకటనలు ఉండవచ్చును. తలుపు తట్టితే ఎవరో పలికారు గనుక పరికరము “క్షేమము” అంటుంది. పలికినది ఎవరో దానికి తెలియదు. అందుచేత సంవత్సరములో ఒకటి రెండు సార్లైనా ప్రతి బయటి లింకును ఒక మనుష్యుడు కన్నులతో చూడాలి.

నెహెమ్యా యెరూషలేము ప్రాకారములను కట్టించక ముందు రాత్రివేళ లేచి, ఎక్కడెక్కడ పడిపోయినదో తానే తిరిగి చూచుకొన్నాడు గదా! పాడైనది ఎక్కడో తెలియకుండా బాగుచేయడము ఎవరి తరము?

కుటుంబములకు ఒక మాట

మా ఇంట్లో కంప్యూటరు లేదు, ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. మీ ఫోనుకు కూడ రోజూ లింకులు వస్తున్నాయి.

లింకు నొక్కినప్పుడు 404 వస్తే, “పథకము తీసేశారు” అని తొందరపడి తేల్చుకోవద్దు. పేజీ మాత్రమే కదలియుండవచ్చు. చిరునామాలో సైటు పేరు తరువాత వచ్చే గీత వరకు ఉంచి మిగిలినది తుడిచివేస్తే ఆ సంస్థ మొదటి పేజీ వస్తుంది, అక్కడినుండి వెదకండి. ఆఫీసు ఫోను నంబరు ఉంటే అడగండి. పాత పేజీలో ఏమున్నదో చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి “వేబ్యాక్ మెషీన్”లో ఆ చిరునామా వేసి చూడవచ్చును. 2001 నుండి అది అందరికి ఉచితముగా తెరచియున్నది. తెరుచుకున్న పేజీ మీరు వెదకినది కాక వేరుగా కనబడితే, ఆధార్ నంబరు గాని బ్యాంకు వివరములు గాని అందులో వ్రాయవద్దు. అన్నిటికంటె ముఖ్యముగా, గడువు చివరి దినము వరకు ఆగవద్దు.

సైటు నడిపే సంఘములకు, పాఠశాలలకు ఒక మనవి. లింకు పెట్టడము మాట ఇవ్వడము వంటిది. “ఇక్కడికి వెళ్లండి, దొరుకుతుంది” అని చెప్తున్నాము. దానిని నమ్మి ఎవరో ఒకరు బస్సు ఛార్జీ పెట్టుకొని బయలుదేరుతారు. మా సంఘములో ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారము యౌవనస్థులలో ఒకరు ఆ ఆజ్ఞను టైపు చేసి, వచ్చిన జాబితాను నాకు చూపించాలి. పోయిన నెల 2 తెగిన లింకులు దొరికాయి. ఆ సాయంత్రమే దిద్దాము.

ఆ సహోదరి కుమార్తె ఒక సంవత్సరము ఇంటి పట్టున ఉండవలసి వచ్చినది. తల్లితో కూడ పనికి వెళ్లినది. ఆ సంవత్సరమును నేను తిరిగి ఇవ్వలేను. ఈసారి ఆ దరఖాస్తు పేజీని నేనే ముందుగా తెరచి చూసి, ఆమె ప్రక్కన కూర్చుండి నింపించాను. ఫలితము ఇంకా రావలసియున్నది.

మీ సంఘ సైటులోని లింకులను చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు? ఈ వారమే అడిగి తెలుసుకోండి.