లండన్ పోతే బొగ్గు జాడలూ చూడండి!

మంచిర్యాల: జిల్లాలోని సింగరేణి కుటుంబాల పిల్లలు కొందరు ఇంగ్లండులో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని చూసి రావడానికి తల్లిదండ్రులు లండన్ ప్రయాణం పెట్టుకుంటున్నారు. వీసా, టిక్కెట్లు, ఊరు చూపించే ఏర్పాటు అన్నీ ట్రావెల్ ఏజెంటుకే అప్పగిస్తున్నారు. అతనిచ్చే జాబితాలో రాజభవనం, గడియారపు గోపురం, థేమ్స్ నదిలో పడవ షికారు ఉంటాయి. బాయిపని చేసినవారు చూడదగ్గవి మాత్రం అరుదు.

నిజానికి సింగరేణికీ ఇంగ్లండుకూ పాత సంబంధం ఉంది. 1886లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వే హక్కు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండులో ఏర్పడినదే. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ దాని ఆస్తులు, అప్పులు తీసుకుంది.

బొగ్గు పన్నుతో చర్చి

1666లో లండన్ నగరం అగ్నికి ఆహుతైంది. కాలిపోయిన సెయింట్ పాల్స్ చర్చిని తిరిగి కట్టడానికి నగరంలోకి వచ్చే బొగ్గుపై పన్ను వేశారు. ఆ పన్ను హద్దులు తెలిపేందుకు 1861 తర్వాత పాతిన స్తంభాలు నగర శివార్లలో నేటికీ అనేకం నిలిచి ఉన్నాయి. 1882లో హోల్‌బార్న్ వంతెన వద్ద బొగ్గుతో కరెంటు తీసి ప్రజలకు అందించారు. 1952 డిసెంబరులో అదే బొగ్గు పొగ మంచుతో కలిసి నగరాన్ని కమ్మేసి వేలమందిని బలి తీసుకుంది. 1956లో పొగ నివారణకు చట్టం వచ్చింది. 2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. జైపూర్, రామగుండం కేంద్రాల్లో బొగ్గు మండుతున్న మన ప్రాంతం తెలుసుకోవలసిన కథ ఇది.

ఏజెంటుతో జాగ్రత్త

వీసా ఇచ్చేది బ్రిటిష్ ప్రభుత్వం, ఏజెంటు కాదు. "వీసా గ్యారంటీ" అనేవారిని నమ్మరాదు. తిరస్కరిస్తే వీసా ఫీజు తిరిగి రాదు. ప్రయాణానికి మూడు నెలల కంటే ముందు దరఖాస్తు తీసుకోరు. ఫారంలో అబద్ధం రాసినట్లు తేలితే పదేళ్ల వరకు నిషేధం పడవచ్చు. అందుచేత ఏజెంటు నింపిన ఫారాన్ని పిల్లలచేత చదివించుకున్నాకే సంతకం చేయాలి. వీసా చేతికందాకే టిక్కెట్లకు పూర్తి సొమ్ము కట్టాలి. దేనికెంతో రాయించుకుని రశీదు తీసుకోవాలి. ఏళ్ల తరబడి బాయిలో దిగి కూడబెట్టిన గ్రాట్యుటీ సొమ్ము అది. చూడవలసిన చోట్ల జాబితాలో సెయింట్ పాల్స్ చర్చిని, ఒక బొగ్గు పన్ను స్తంభాన్ని చేర్చమని ముందే అడగండి.